సభకు విన్నపము వ్రాయు విధము



గతమాసమున ఇంటి జమాఖర్చుల పుస్తకమును గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున మరియొక విధమైన వ్రాతను గూర్చి చెప్పదలచితిని. విద్వాంసులు కూడు పెద్ద సభలలో మాటాడుటకు అవకాశము కోరుచు ముందుగా పంపవలసిన విన్నపపత్రమే యిది. ఆంగ్లమున దీనిని ప్రపోజల్ అందురు. అందును ఓపెన్ సోర్స్ ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్ అను విద్యకు సంబంధించిన సభల విన్నపములను ప్రత్యేకముగా తీసికొనుచున్నాను. పేరు పొడవుగా నున్నదని పుట త్రిప్పివేయవలదు. ఆ విద్య మన వంటింటిలోను, పొలము గట్టుమీదను కూడ కలదు. ఆ విద్య నేర్చుచున్నవారు మన కుమార్తెలును, కోడండ్రును.

కడప జిల్లాలోని ఇడుపులపాయలో 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు విద్యాలయము వెలసినది. పదవ తరగతి ముగిసినంతనే పల్లెటూళ్ల పిల్లలు అచట చేరి, రెండేండ్లు పి.యు.సి.యు, నాలుగేండ్లు ఇంజనీరింగును చదువుచున్నారు. కర్నూలులో జగన్నాథగట్టుపై ట్రిపుల్ ఐటీ డి.ఎం. అను కేంద్ర విద్యాసంస్థ 2015లో ఏర్పడినది. ఇవిగాక మన రెండు జిల్లాలలోను ఇంజనీరింగు కళాశాలలు పెక్కు గలవు. వీనిలో ఆడపిల్లలు చదువుచున్నారు, ప్రాజెక్టులు చేయుచున్నారు, చేతులు కాల్చుకొని టంకము పెట్టుచున్నారు. కాని తాము చేసినదానిని పదిమందిలో నిలిచి చెప్పవలసి వచ్చునప్పటికి, "నాకేమి తెలియును, చెప్పుటకు నాయొద్ద నేమున్నది" అని వెనుకకు తగ్గుచున్నారు. ఎంచువారు వారిని త్రోసివేసినందున గాదు, వారి విన్నపము ఎంచువారిని చేరనే చేరనందున వారి మాట వినబడకున్నది. ఈ లోపమును ఇంటిలోని తల్లియు, అత్తగారును కొంతవరకు తీర్పగలరు. అందులకే యీ వ్యాసము.

ఈ విద్య యెట్టిది?

బట్టలుతుకు యంత్రమున మీట నొక్కినంతనే ముందు నీరు నిండుట, పిమ్మట తొట్టి తిరుగుట, కడపట మురికినీరు పోవుట ఒకదాని వెనుక నొకటి జరుగుచున్నవి గదా. ఏది యెప్పుడు జరుగవలెనో తెలుపు ఆదేశములు ఆ యంత్రగర్భమున నున్న చిన్న చిప్పునందు ముందే వ్రాయబడి యున్నవి. ఆ ఆదేశముల సముదాయమే ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్. ఇంటి గోడకున్న కరెంటు మీటరు, ఇండక్షన్ పొయ్యి, రేషను దుకాణములో వ్రేలిముద్ర తీసికొను పెట్టె, ఇంటనుండి ఫోనుతో బోరు మోటారును ఆడించు స్టార్టరు, ఇవన్నియు నీ జాతివే. ఒక్క పనికై నియమింపబడి, యంత్రమునందే యిమిడి, కంటికి కనబడకుండ నుండుట దీని లక్షణము.

ఓపెన్ సోర్స్ అనగా ఆ ఆదేశముల మూలపాఠమును ఎల్లరకు తెరచి యుంచుట. ఎవరైనను దానిని చదువవచ్చును, దిద్దవచ్చును, తమ యంత్రమున వాడుకొనవచ్చును, దిద్దినదానిని లైసెన్సు నియమములకు లోబడి పరులకు పంచవచ్చును. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అను నాతడు గ్నూ అను ప్రయత్నమును ప్రకటించెను. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను లోకమునకు విడిచెను. అతి చిన్న చిప్పులకు తగిన జెఫిర్ అనునది 2016లో లినక్స్ ఫౌండేషన్ అండతో బయలుదేరినది. మన తెలుగునాట స్వేచ్ఛ అను సంస్థ 2005 నుండి యీ భావమును ప్రచారము చేయుచున్నది.

కడపవారికి ఈ పద్ధతి బొత్తిగా క్రొత్తది కాదు. 1820లో కడపకు ఉద్యోగియై వచ్చిన సి. పి. బ్రౌను దొర అచట నొక బంగళా కొని, పండితులను నియమించి, ఒక్కొక్క కావ్యమునకు దొరికిన తాళపత్ర ప్రతులను చేర్చి, ఒకదానితో నొకటి పోల్చించి, తప్పులు దిద్దించి, శుద్ధప్రతులు వ్రాయించెను. ఒకరి ప్రతిలోని దోషము మరియొకరి ప్రతివలన బయటపడెను. ప్రతులను పెట్టెలలో దాచుకొన్నవారివద్ద అవి చెదలపాలైనవి. పదిమంది చేతులలో పడినవి బ్రతికినవి. నేడు ఆ కడపలో బ్రౌను పేరిట గ్రంథాలయము నడచుచున్నది. ఓపెన్ సోర్స్ పనివారు చేయునదియు నిట్టిదే. తాళపత్రమునకు బదులు మూలపాఠము, బంగళాకు బదులు ఇంటర్నెట్టు.

సభలు, వాని పద్ధతి

ఇట్టి పనివారు ఏడాదికొకసారి యొకచోట కూడి, తాము కనుగొన్నదానిని చెప్పుకొందురు. ఎంబెడెడ్ లినక్స్ కాన్ఫరెన్స్ అనునది 2005లో మొదలై, నేడు లినక్స్ ఫౌండేషన్ వారి ఓపెన్ సోర్స్ సమ్మిట్‌తో కలిసి జరుగుచున్నది. బెల్జియము రాజధాని బ్రస్సెల్స్ నగరమున జనవరి చివరనో ఫిబ్రవరి మొదటనో ఫాస్‌డెమ్ అను సభ ఒక విశ్వవిద్యాలయ ప్రాంగణమున జరుగును. దానికి ప్రవేశ రుసుము లేదు. మనకు దగ్గరలో బెంగుళూరున ఇండియాఫాస్ అను సభను ఫాస్ యునైటెడ్ అను సంస్థవారు జరుపుచున్నారు. 2025 ఆగస్టు 5వ తేదీన ఓపెన్ సోర్స్ సమ్మిట్ ఇండియా మన హైదరాబాదుననే జరిగినది. కర్నూలు ఈ రెండు నగరముల నడుమ రాజమార్గముననే యున్నది గదా. కావున సభ యనగా సముద్రము దాటుటయే యని భయపడనక్కరలేదు.

సభకు కొన్ని నెలల ముందు, మాటాడదలచినవారు విన్నపములు పంపవలసినదని ప్రకటన వెలువడును. ఇంటర్నెట్టులో నొక ఫారము ఉండును. ప్రసంగము పేరు, క్లుప్తమైన సారాంశము, ఎట్టివారికి తగునను మాట, వినువారికి కలుగు మేలు, చెప్పువారి పరిచయము, ఇట్టి గడులను నింపవలెను. గడువు తీరిన పిమ్మట, ఆ విద్యలో పనిచేయు అనుభవజ్ఞులు కొందరు వానిని చదివి ఎంచుదురు. వారిలో పెక్కురు తమ పనులు తాము చేసికొని, మిగిలిన వేళ నీ పని చేయువారు.

పరీక్షల కాలమున ఉపాధ్యాయుల యిండ్లలో పత్రముల కట్టలు పేరుకొనుట మీలో కొందరెరుగుదురు. నలుబదియవ పత్రము చేతికి వచ్చునప్పటికి దిద్దువాని ఓపిక యెంత మిగులునో నేను దినదినము చూచుచున్నాను. మొదటి రెండు పంక్తులలో విషయము కనబడిన పత్రమునకు దిద్దువాని మనసు తేరుకొనును. డొంకతిరుగుడు పత్రము చూడగా విసుగు పుట్టును. విన్నపము ఎంచువారి స్థితియు నంతే. వారు మన ముఖము చూడరు. మన శ్రమ యెరుగరు. వారి యెదుట నున్నది ఆ నాలుగు పంక్తులే. కనుక ఇది యంత్రశాస్త్రమునకెంత సంబంధించినదో వాక్యరచనకును అంతే సంబంధించినది.

నాలుగు ప్రశ్నలు

మన పూర్వులు శాస్త్రగ్రంథము మొదలిడునపుడు అనుబంధ చతుష్టయమును చెప్పవలెనని నియమించిరి. విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి యనునవి ఆ నాలుగు. చదువరి గ్రంథము తెరచినంతనే, ఇది దేనిని గూర్చినది, దీనివలన నాకేమి, ఇది నాకు తగునా అని తెలిసికొని, తగినచో ముందుకు సాగును. తగనిచో కాలము వృథా చేసికొనడు. విన్నపపత్రమునకు ఇంతకంటె మంచి కొలబద్ద నాకు కనబడలేదు.

మొదటిది విషయము. విషయము ఒక్కటిగా నుండవలెను. "లినక్స్‌ను గూర్చి" అన్నచో అది విషయము కాదు, సముద్రము. "లినక్స్ నడచు చిన్న పెట్టె తెరచుకొనుటకు పట్టు కాలమును సగమునకు తగ్గించిన విధము" అన్నచో అది విషయము. ప్రసంగమునకు ఇచ్చు కాలము ఇరువది నిమిషములో, నలుబది నిమిషములో. అంతలో నొక బిందెడు నీరు పోయవచ్చును గాని చెరువు నింపజాలము.

రెండవది ప్రయోజనము. ఇచట పెక్కురు పొరబడుచున్నారు. తమకు కలిగిన ప్రయోజనమును, తమ కళాశాలకు వచ్చిన బహుమతిని వ్రాయుదురు. ఎంచువారు అడుగునది అది కాదు. వినవచ్చినవాడు ఇంటికి పోవునపుడు చేత నేమి పట్టుకొని పోవును? ఒక ఉపాయమా, ఒక హెచ్చరికయా, తానును చేసి చూడదగిన ఒక పరీక్షయా? అది వ్రాయవలెను. సరకు అమ్ముకొను ప్రకటనగా కనబడు విన్నపమును ఇట్టి సభలవారు ఎంతమాత్రము అంగీకరింపరు.

మూడవది సంబంధము. శాస్త్రమున గ్రంథమునకును విషయమునకును గల సంబంధమే యిది. మన పనికై దీనిని కొంచెము విస్తరించి, ఈ విషయమునకును నాకును సంబంధమేమి, ఈ సభకును దీనికిని సంబంధమేమి యని యడిగికొందము. నేను స్వయముగా చేసితినా, పరుల పుస్తకమున చదివితినా? మూలపాఠము తెరచి యున్నదా, లేక చూపుటకు వీలుకాని రహస్యమా? ఓపెన్ సోర్స్ సభకు పోయి మూసిన పెట్టెను గూర్చి చెప్పుట అన్నసత్రమునకు పోయి తాళము వేసిన గాదెను పొగడుట వంటిది.

నాల్గవది అధికారి. వినుటకు తగినవారెవరు? ఇప్పుడే విద్యలో అడుగిడినవారా, ఆరితేరినవారా? "అందరికిని తగును" అని వ్రాయుట సులభము. కాని అందరికిని వడ్డించిన కూరలో ఉప్పెంత వేయవలెనో వండునామెకు తెలియదు. "సి భాషలో కొంత పనిచేసి, జెఫిర్‌ను ఇంకను ముట్టనివారికి" అన్నచో ఎంచువానికి శ్రోత కన్నులకు కట్టును.

రెండు నమూనాలు

ఇప్పుడు రెండు నమూనాలు చూపెదను. రెండును నేను కల్పించినవే. రెండింటిలోను చేసిన పని యొక్కటే: బోరు మోటారును కాపాడు పెట్టె. మన సీమలో బోరులో నీరడుగంటి, మోటారు వట్టిగా తిరిగి కాలిపోవుట ఎల్లరెరిగిన నష్టమే గదా. మొదటి నమూనా యిట్లుండును:

"రైతులకై స్మార్ట్ పరికరము. నేటి ప్రపంచమున సాంకేతిక విద్య అన్ని రంగములందును విప్లవమును తెచ్చుచున్నది. రైతు దేశమునకు వెన్నెముక. మేము చవకయు, సులభమును, సమర్థమును అగు పరికరమును చేసితిమి. దీనివలన వ్యవసాయము రూపు మారిపోవును. మా ప్రసంగమున దీనిని పరిచయము చేసెదము."

ఇందు అబద్ధము లేదు, విషయమును లేదు. రైతు వెన్నెముక యని వినుటకు ఇంజనీరు అంతదూరము రానక్కరలేదు. నాలుగు ప్రశ్నలలో ఒక్కదానికిని ఇందు సమాధానము దొరకదు. ఇక రెండవది:

"కరెంటు పోయి వచ్చు చోట లెక్క చెడకుండుట: ఒక బోరు మోటారు పెట్టె నేర్పిన పాఠము. మా పెట్టె మోటారు తీసికొను కరెంటును కొలిచి, నీరు లేక వట్టిగా తిరుగుచున్నచో దానిని ఆపును. ఎంతసేపు తిరిగినదో ఫ్లాష్ మెమరీలో వ్రాసికొనును. ఆ వ్రాయుచున్న క్షణముననే కరెంటు పోయినచో పాత లెక్కయు చెడుచుండెను. మా మొదటి పద్ధతి ఏల విఫలమైనదో, పిదప లిటిల్ ఎఫ్.ఎస్. అను ఓపెన్ సోర్స్ ఫైలు పద్ధతిని జెఫిర్‌లో ఎట్లు అమర్చితిమో, కరెంటును పదే పదే త్రెంపు పరీక్షను ఎట్లు చేసితిమో చెప్పెదము. ఇన్ని పర్యాయములు త్రెంపగా, మునుపు ఇన్ని పర్యాయములును పిదప ఇన్ని పర్యాయములును లెక్క చెడినది. ఈ పద్ధతివలన కలిగిన నష్టములను కూడ చెప్పెదము. వినువారు ఇట్టి పరీక్షను తమ పరికరమునకు తామే చేసికొనగలరు. సి భాష తెలిసి, చిన్న చిప్పులతో కొంత పనిచేసినవారికి తగును. మూలపాఠమును, పరీక్ష విధానమును ఎల్లరకు తెరచి యుంచితిమి."

"ఇన్ని" యన్నచోట నేను అంకెలు వేయలేదు. అవి చేసిన పిల్ల తన పుస్తకము చూచి వేయవలసినవి. పరీక్ష చేయనిచో ఆ వాక్యమును తీసివేయవలెనే గాని అంకెను పుట్టింపరాదు. సభలో మొదటి ప్రశ్న ఆ అంకెమీదనే వచ్చును.

ఈ రెండవదానిలో ఒక విశేషమును గమనింపుడు. మన కరవుసీమ కష్టము, కరెంటు కోతల కష్టము, ఇచట సిగ్గుపడి దాచవలసినది కాక చెప్పదగిన సొత్తైనది. ఎడతెగక కరెంటు వచ్చు నగరములో కూర్చున్న ఇంజనీరునకు ఈ చిక్కు సులభముగా తట్టదు. మన పిల్లకు అది నిత్యానుభవము. ఎండకు పెట్టె మరగుట, దుమ్ము లోనికి చొచ్చుట, పొలములో ఫోను సంకేతము అందకపోవుట, మోటారు ఆగినదో లేదో చూచుటకు రైతు అర్ధరాత్రి పొలమునకు నడచుట, వీనిని దిద్దుటకు చేసిన ప్రతి ప్రయత్నమును ఒక ప్రసంగమునకు విత్తనమే. "నాయొద్ద నేమున్నది" అను ప్రశ్నకు నా సమాధానమిదియే. ఫలింపని ప్రయత్నమును కూడ, ఏల ఫలింపలేదో తెలిసికొన్నచో, నిర్భయముగా చెప్పవచ్చును. వినువారికి అదియు మేలు చేయును.

పేరు, పరిచయము, భాష

ప్రసంగము పేరు చూచినంతనే విషయము తెలియవలెను. చమత్కారము కొరకు పేరును పొడుపుకథగా చేయరాదు. సారాంశమును వ్రాసిన పిమ్మట పేరు పెట్టుట మేలు. బిడ్డ పుట్టకమునుపే బారసాల చేయరు గదా.

పరిచయమునందు కొందరు గొప్పలు గుప్పింతురు. మన పిల్లలు ఎక్కువగా "నేనింకను విద్యార్థినిని, అల్పజ్ఞురాలను" అని సాగిలపడుదురు. రెండును వలదు. బద్వేలు సమీపమునందలి గోపవరమునకు చెందినదని చెప్పబడు మొల్ల తన రామాయణపు అవతారికలో ఏమి చేసినదో తలచుకొనుడు. తనకు శాస్త్రపాండిత్యము లేదని ఒప్పుకొన్నది. కాని అంతటితో నాగలేదు. విన్నంతనే అర్థము కావలెను, లేనిచో కవిత్వమువలన ఫలమేమి యని తన మతమును స్థిరముగా చెప్పి, తాను చేయబోవు పనిని ప్రకటించినది. వినయము ఒక వాక్యము, పని పది వాక్యములు, కొలత అది. "నేను మూడవ సంవత్సరము చదువుచున్నాను. ఈ పెట్టెలోని ఫైలు భాగమును వ్రాసినదానను, పరీక్షించినదానను నేనే" అన్నచో చాలును. ఇంతకంటె పెద్ద బిరుదు అక్కరలేదు.

విన్నపమును సాధారణముగా ఆంగ్లమున వ్రాయవలెను. ఇచటనే మన యింటి యాడువారి సహాయము అక్కరకు వచ్చును. పిల్ల ముందుగా తెలుగున, కాగితము చూడక, తల్లికి చెప్పవలెను. తల్లి కూరగాయలు తరుగుచునే వినవచ్చును. విని, "ఏమి చెడినది? నీవేమి చేసితివి? బాగైనదని యెట్లు తెలిసినది? దీనివలన ఎవరికి మేలు?" అని నాలుగు మాటలు అడుగవలెను. వీనికి తడుముకొనక సమాధానము వచ్చిననాడు విన్నపము సిద్ధమైనట్లే. తరువాత ఆ మాటలనే పొట్టి వాక్యములుగా ఆంగ్లమున పెట్టి, ఆ భాష వచ్చినవారిచే అక్షరదోషములు దిద్దించుకొనవలెను. తల్లికి ఇంజనీరింగు రానక్కరలేదు. బిడ్డ మాటలో తడబాటు ఎచట వచ్చినదో ఆమె చెవి పట్టగలదు.

ఇటీవల కంప్యూటరుచేతనే వ్యాసములు వ్రాయించు వాడుక ప్రబలినది. భాష దిద్దుటకు దానిని వాడుకొన్నచో నేను కాదనను. సభవారు దానిని గూర్చి నియమము పెట్టినచో దానిని పాటింపవలెను. విన్నపమంతయు దానిచే వ్రాయించినచో పై చెప్పిన మొదటి నమూనాయే మరింత నిగనిగలాడుచు వచ్చును. పొలములో తాను చూచిన దానిని అది చూడలేదు గదా.

ఎవరు నిలువవలెను?

ఒక సంగతి కొంచెము కటువుగా చెప్పవలసి యున్నది. ప్రాజెక్టులు జట్టుగా చేయుదురు. నేనెరిగిన యొక జట్టున మూలపాఠములో సగమును, లెక్కల పుస్తకమంతయు ఒక ఆడపిల్ల వ్రాసినది; వేదికపై చెప్పునప్పుడు మాత్రము "నీవు తెర త్రిప్పుచుండుము, మేము మాటాడెదము" అనిరి. ఆమె సరేయన్నది. ఇంటిలోనివారును "పోనీలే తల్లీ, నలుగురిలో నెందుకు" అనిరి. మరునాటినుండి ఆ పని ఎవరిదని యడిగిన ఆమె పేరు చెప్పువారు లేరు. ఉద్యోగమునకు పోయినపుడు ఆమె చూపుకొనుటకు ఏమియు మిగులలేదు.

విన్నపపత్రమున చెప్పువారి పేర్లు వ్రాయు గడి యుండును. ఆ గడిలో పేరు లేనివారు తరువాత చేరుట కష్టము. కావున పని మొదలిడినపుడే, ఏ భాగమెవరిది, చెప్పువారెవరు అని జట్టులో తేల్చుకొనవలెను. చేసిన చేతికే చెప్పు నోరుండుట న్యాయము. ఇద్దరు కలిసి చెప్పదలచినచో ఇద్దరి పేర్లును వ్రాయవలెను. తల్లిదండ్రులు మార్కులడుగునట్లే, "విన్నపములో నీ పేరున్నదా?" అని కూడ అడుగవలెను.

మరచిపోరాని చిన్న పనులు

గడువు తేదీ చూచుకొనునపుడు అది ఏ దేశపు కాలమో చూడవలెను. మన కాలము విశ్వకాలమునకు అయిదున్నర గంటలు ముందు. చివరి గంటవరకు ఆగుట మంచిది కాదు. కరెంటు పోవు సంగతిని గూర్చి విన్నపము వ్రాసి, కరెంటు పోయినందున పంపలేకపోతిమనుట నగుబాటు. ఫారములోనే నేరుగా వ్రాయక, ముందు వేరుగా వ్రాసి ఉంచుకొనవలెను. ప్రాజెక్టు కళాశాలది గాని, ఉద్యోగమిచ్చినవారిది గాని అయినచో, బయట చెప్పుటకు వారి యనుమతిని ముందే వ్రాతమూలకముగా తీసికొనవలెను. మూలపాఠమునకు లైసెన్సు పెట్టితిమా లేదా యని సరిచూచుకొనవలెను.

కొన్ని సభలు దూరమునుండి వచ్చువారికి ప్రయాణపు ఖర్చులో సహాయము చేయును, కొన్ని చేయవు. ఆ సంగతిని ప్రకటనలో చదివి, లేనిచో అడిగి తెలిసికొనవలెను. విదేశమునకైనచో పాస్‌పోర్టు, వీసాల కాలమును లెక్క వేసికొనవలెను. పిల్లను పంపుటకు భయపడు తల్లులు సభవారి ప్రవర్తనా నియమావళిని చదువుడు. సభలో నెవరైన అమర్యాదగా మెలగినచో ఎవరితో చెప్పవలెనో అందు వ్రాసి యుండును. ఫాస్‌డెమ్ వంటి సభల ప్రసంగములు ఇంటర్నెట్టులో ఉచితముగా దొరకును. తల్లీబిడ్డలు కలిసి రెండు మూడు చూచినచో సభ యెట్టిదో తెలిసి, బెదురు తీరును.

రానప్పుడు

వచ్చిన విన్నపములన్నిటికిని ఏ సభయందును చోటుండదు. కావున మొదటి యేడు "అంగీకరింపలేకపోతిమి" అను జాబు వచ్చుట వింత కాదు. అట్టి జాబు వచ్చిననాడు ఇంటిలో "నేను ముందే చెప్పితిని" అనువారు ఉండరాదు. కారణము తెలుపుదురేమో మర్యాదగా అడుగవచ్చును. అదే విన్నపమును దిద్ది వేరొక సభకు పంపుటలో దోషము లేదు. ముందు కళాశాలలోనో, హైదరాబాదు, బెంగుళూరులలోని చిన్న కూటములలోనో పది నిమిషములు చెప్పి చూచినచో, ఎచట వినువారు ఆవులించుచున్నారో తెలియును. పిమ్మట దిద్దిన విన్నపము మునుపటిదానికంటె తప్పక మేలుగా నుండును.

మన సీమలో బోరు వేయించువారికి ఒకటవ బావిలో నీరు పడకున్న రెండవదానికి అప్పు చేసి దిగుట అలవాటే. విన్నపమునకు అప్పు అక్కరలేదు. ఒక కాగితము, రెండు సాయంకాలములు చాలును. ఈ సెలవులకు పిల్ల ఇంటికి వచ్చినపుడు, ఆమె చేసినదేమో కూర్చుండబెట్టి అడుగుడు. నాలుగు ప్రశ్నలకు సమాధానము చెప్పించుడు. గడువు తేదీని గోడ క్యాలెండరుపై వ్రతములు, పండుగల నడుమ గుర్తు పెట్టుడు. వ్రాసిన విన్నపములను నాకు చూపదలచిన సోదరీమణులు పత్రిక చిరునామాకు పంపినచో, నాకు తోచిన మాటను సంతోషముతో చెప్పగలదానను.